నూటికి రెండు

రాబర్ట్‌సన్‌పేట,
11 ఆగస్టు 2003.

ప్రియమైన వీణకు,

నాన్సీ రాస్తున్నాను. ఫోను చేస్తే హాల్లో మీ మామగారే ఎత్తుతారు. అందుకే ఈ ఉత్తరం నీ అంగన్‌వాడీ చిరునామాకు పంపుతున్నాను. మీ ఇంట్లో మిగతా అందరూ చదివింది కన్నడమే కదా. తెలుగు బడిలో మనిద్దరం ఒకే బెంచీ మీద దిద్దుకున్న అక్షరాలకు ఇన్నేళ్ళకు ఒక పని దొరికింది.

పోయిన ఫిబ్రవరిలో మీ ఇంటికి వచ్చాను. నా వెంట మాలూరు ఇటుకల బట్టీ ఓబలప్ప ఉన్నాడు. మార్కెట్టు దగ్గరున్న కాంప్లెక్సు అమ్మిపెట్టమని మీ మామ సీనప్పగారు నాతో చెప్పి అప్పటికే చాలా నెలలైంది. బంగారు గనులు మూసిన ఊళ్ళో అంగడి కొనేవాడు ఎక్కడ దొరుకుతాడు? ముందు వరుసలో సగం అంగళ్ళకు తాళాలే. ఎవరిని తీసుకొచ్చి చూపినా, "జీతాలు వచ్చే జనమే లేరు, ఇంగ ఈ ఊర్లో ఎవురు కొంటారమ్మా?" అని తిరిగిపోయేవాళ్ళు. ఓబలప్పను ఒప్పించడానికి నేనెన్నిసార్లు మాలూరు వెళ్ళానో మా ఆయన సెల్విన్‌కు తెలుసు.

ఆ రోజు మీ వసారాలో మీ మామగారు నూటికి రెండు రూపాయల కమిషన్ ఇస్తానన్నారు. నువ్వు కాఫీ తెచ్చి పెట్టి గుమ్మం దగ్గర నిలబడ్డావు. నేను నిన్ను స్నేహితురాలిగా పలకరించలేదు, బేరానికి వచ్చిన మనిషిలాగే కూర్చున్నాను. అందుకు ఏమీ అనుకోకు.

నెల తర్వాత, ధర కుదరలేదు, బేరం పోయింది అని మీ మామగారూ ఓబలప్పా ఇద్దరూ నాకు చెప్పారు. నమ్మాను. మొన్న మార్కెట్టుకు వెళితే ముందు అంగళ్ళ మీద ఓబలప్ప బోర్డు ఉంది. మే నెలలోనే రిజిస్ట్రేషను అయిపోయిందట.

మీ మామగారిని మార్కెట్లోనే నిలబెట్టి అడిగాను. ఆయన నవ్వి, "ఏమ్మా, రెండుతూర్లు వచ్చి కాఫీ తాగి పోయినావు. దానికి నూటికి రెండా? ఆడబిడ్డవి, చీర పెట్టి పంపిస్తాము పో" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

వీణా, నాకు చీర వద్దు. గనిలో పని పోయినాక సెల్విన్ చేతికిచ్చిన డబ్బు రెండేళ్ళు కూడా నిలవలేదు. ఆయన మాలూరులో ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరితే, నేను గని కార్మికుల లైన్లలోని క్వార్టర్లు వదిలిపోయేవాళ్ళకు అద్దె ఇళ్ళు వెతికిపెడుతూ ఈ పనిలోకి వచ్చాను. ఇది నా పని. నీ మాట ఆ ఇంట్లో చెల్లుతుందో లేదో నాకు తెలియదు. అయినా ఒకసారి మీ మామగారితో మాట్లాడు.

నీ
నాన్సీ

---

క్యాసంబళ్ళి,
29 ఆగస్టు 2003.

నాన్సీకి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. వానలు బాగా పడ్డాయి. మల్బరీ తోట పచ్చగా ఉంది. పట్టుపురుగులు మూడో జ్వరం లేచాయి, మూడోసారి పొర విడిచి మేతకు ఎగబడుతున్నాయి. ఈ వారమంతా ఆకు కోయడంతోనే సరిపోతోంది. అందుకే జవాబు ఆలస్యమైంది.

మామయ్యను అడిగాను. అన్నం వడ్డిస్తూ అడిగాను, అప్పుడైతే లేచిపోరని. ఆయన మజ్జిగ పోసుకుంటూ, "నువ్వు పిల్లోళ్ళకు పాటలు చెప్పుకోమ్మా. యాపారం మాకు తెలుసు" అన్నారు. మా పెద్ద బావ మునిశామప్ప, "ఓబలప్ప మాకు దూరపు సుట్టం. మేమే పిలిపించుకున్న్యాము. ఆయమ్మకు ఏం సంబంధం?" అన్నాడు. ఓబలప్ప చుట్టమని ఆ పూటే మొదటిసారి విన్నాను.

ఇంతకు మించి నావల్ల కాదు. పెద్దవాళ్ళ వ్యవహారం. ఆ రోజు వసారాలో ఎవరేమన్నారో నన్ను అడగకు. చిన్నప్పటి నుంచీ నీకు పట్టుదల ఎక్కువ. ఈ ఒక్కసారి వదిలెయ్యవే. ఊళ్ళో ఇళ్ళు చాలా ఉన్నాయి, అమ్మేవాళ్ళూ చాలామంది ఉన్నారు.

సెల్విన్ అన్నకు నమస్కారాలు.

వీణ

---

రాబర్ట్‌సన్‌పేట,
8 డిసెంబరు 2003.

ప్రియమైన వీణకు,

వదలలేదు. కోర్టులో దావా వేశాను. నీకు వేరే ఎవరో చెప్పేలోగా నేనే చెప్పాలని రాస్తున్నాను.

దావా వేయకముందు మీ బావ మునిశామప్ప మా ఇంటికి వచ్చాడు. గుమ్మం లోపలికి రాకుండా వీధిలోనే నిలబడి, అడిగినదాంట్లో సగం ఇస్తానన్నాడు. కన్నడంలో రాయించి తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. లాయరు జెరాల్డ్ గారి చేత చదివించాను. నాకు సీనప్పగారితో కమిషన్ మాటే లేదనీ, కష్టంలో ఉన్నానని ఆయన దయతలచి సాయం చేశారనీ అందులో ఉంది. కాగితం తిరిగి ఇచ్చేశాను. ఆ డబ్బు అవసరం లేక కాదు. దయ అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

కాంప్లెక్సు వెనుక వైపు గోడౌను ఇంకా మీ మామగారి పేరు మీదే ఉంది. మునిశామప్ప దాన్ని కూడా అమ్మకానికి పెట్టాడని తెలిసింది. అదీ పోతే రేపు తీర్పు వచ్చినా వసూలు చేసుకోవడానికి ఇక్కడ ఏమీ మిగలదని జెరాల్డ్ గారు జడ్జికి అర్జీ పెట్టారు. దావా తేలేవరకు గోడౌను అమ్మకుండా జప్తు ఉత్తర్వు వచ్చింది. కోర్టు అమీను వచ్చి తలుపుకు నోటీసు అంటిస్తాడు.

ఇంకొక్క మాట. ఆ రోజు వసారాలో ఉన్నది మీ మామగారు, ఓబలప్ప, నేను, నువ్వు. ఓబలప్ప నా వైపు చెప్పడు. "మీ స్నేహితురాలికి సమన్లు పంపుదామా?" అని జెరాల్డ్ గారు అడుగుతున్నారు. వద్దన్నాను. నువ్వు సరేనంటే తప్ప పంపను. ఆ ఇంట్లో ఉండాల్సింది నువ్వు, నేను కాదు.

క్రిస్మసుకు ముందు ఇలాంటి ఉత్తరం రాయవలసి వచ్చింది.

నాన్సీ

---

క్యాసంబళ్ళి,
6 జనవరి 2004.

నాన్సీ గారికి,

కోర్టువాళ్ళు వచ్చి గోడౌను తలుపుకు కాగితం అంటించి పోయారు. మార్కెట్టు జనమంతా చూశారు. మా ఆయన నందీశ్ అప్పుడు అక్కడే ఉన్నారు, లోపల టేపుతో కొలతలు తీసుకుంటూ. అమీను ఆయన్ని బయటికి పిలిచి, "మీరెవరు?" అని అడిగాడట. సొంత కట్టడం ముందు ఆయన తండ్రి పేరు చెప్పుకుని నిలబడాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చి ఆ టేపును అటక మీదికి విసిరేశారు.

మీ పట్టుదల మీకు గొప్ప కావచ్చు. ఎవరి తలుపుకు ఏ కాగితం అంటుకుంటోందో కాస్త చూసుకోవాల్సింది. నన్ను సాక్ష్యానికి పిలవవద్దు. ఇక మీదట అంగన్‌వాడీకి ఉత్తరాలు రాయవద్దు.

వీణ

---

రాబర్ట్‌సన్‌పేట,
21 మార్చి 2004.

వీణా,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటి చదివి చించెయ్.

మొన్న మారికుప్పం రైలుబండిలో సెల్విన్‌కు నందీశ్ కనిపించాడట. మొదట ఇద్దరూ ముఖాలు తిప్పుకున్నారట. తర్వాత చోటు లేక ఒకే సీట్లో కూర్చోవాల్సి వచ్చిందట. నందీశ్ చెప్పింది విని సెల్విన్ ఇంటికి వచ్చి నాతో గట్టిగా మాట్లాడారు. మా పెళ్ళయినాక నా మీద గొంతు పెంచింది అదే మొదటిసారి.

ముందు అంగళ్ళు అమ్మిన డబ్బు పెద్దకొడుకులిద్దరికీ పంచి, చిన్నకొడుకు నందీశ్‌కు ఆ గోడౌను ఇస్తానని మీ మామగారు అన్నారట కదా. మీరిద్దరూ అందులో పట్టుగూళ్ళ దారం తీసే యంత్రాలు పెట్టాలనుకున్నారట. నందీశ్ బెంగళూరు దాకా వెళ్ళి వాటి ధరలు కనుక్కుని వచ్చాడట. ఆ టేపు అందుకేనట.

అంటే నేను జప్తు చేయించింది సీనప్పగారి ఆస్తిని కాదు, నీ బతుకును. మునిశామప్ప దాన్ని అమ్మకానికి పెట్టింది మీకు తెలియకుండానేనని కూడా ఇప్పుడే అర్థమైంది.

ఎందుకు చెప్పలేదే? ఆగస్టులో ఒక్క మాట రాసి ఉంటే నేను వేరే దారి చూసుకునేదాన్ని కదా. పురుగుల జ్వరం సంగతి రాశావు, ఈ సంగతి రాయలేదు.

దావా వెనక్కి తీసుకుంటానని జెరాల్డ్ గారితో అన్నాను. ఆయన ఫైలు మూసి, "ఆలోచించుకుని రండి" అన్నారు. ఆలోచించడానికేముంది? నువ్వు ఊఁ అను, సంతకం పెట్టేస్తాను.

నాన్సీ

---

క్యాసంబళ్ళి,
14 ఏప్రిల్ 2004.

ప్రియమైన నాన్సీకి,

నీ ఉత్తరం చించలేదు. పిల్లల పలకల కింద పెట్టి మధ్యాహ్నం వాళ్ళు పడుకున్నాక మళ్ళీ చదివాను.

చెప్పకపోవడానికి కారణం ఒకటే. చెబితే నువ్వు వదిలేస్తావని తెలుసు. నా కోసం నువ్వు నీ కూలి వదులుకున్నావన్న రుణం నా నెత్తిన వద్దనుకున్నాను. ఒక్కోసారి మాత్రం, చెప్పేసి గోడౌను కాపాడుకుందామా అని కూడా అనిపించింది. ఈ రెంటి మధ్యా నలిగి, పురుగుల సంగతి రాశాను.

నువ్వు మాత్రం అన్నీ చెప్పావా? సెల్విన్ అన్న పనిచేసే ఫ్యాక్టరీ దీపావళికే మూతపడిందని, ఆయన ఇప్పుడు పని వెతుక్కుంటూ బండెక్కుతున్నారని అన్నే మా ఆయనతో చెప్పారు. మునిశామప్ప బావ సగం డబ్బు పట్టుకుని మీ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు మీ ఇంట్లో జీతమే లేదన్నమాట. అది నువ్వు రాయలేదు. నువ్వూ దాచావు, నేనూ దాచాను. సరికి సరి.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం మామయ్య నన్ను పిలిచారు. పక్కన బావ ఉన్నాడు. వాళ్ళ లాయరు చెప్పాడట, ఇంటి ఆడమనిషి సాక్ష్యమైతే బలంగా ఉంటుందని.

బావ, "నువ్వు టీచరమ్మవి. నీ మాట జడ్జి నమ్ముతాడు. ఆ నాన్సమ్మ మన ఇంటికి ఎప్పుడూ రాలేదని చెప్పు, సాలు" అన్నాడు.

"వచ్చింది కదా బావా. నేనే కాఫీ ఇచ్చినాను."

"కాఫీ ఇచ్చినావని కోర్టులో ఎవురడుగుతారు? రాలేదని చెప్తే గోడౌను నీ మొగుడికి మిగులుతుంది. వచ్చిందంటే పోతాది. నీకే నష్టం."

మామయ్య వైపు చూశాను. కాదంటారేమో అనుకున్నాను. ఆయన నేల చూస్తూ, "ఇంటి మాట ఇంట్లో ఉండాలమ్మా" అన్నారు.

నాన్సీ, నేను రోజూ పాతికమంది పసిపిల్లల ముందు నిలబడే మనిషిని. ఊరుకుంటానని నీకు రాశాను. ఊరుకోవడం ఒకటి, రాలేదని చెప్పడం ఒకటి. నిన్ను మా వసారాలోంచి తుడిచేయమంటున్నారు. అది నా చేత కాదు.

దావా వెనక్కి తీసుకోకు. తీసుకుంటే నేను భయపడి ఆపించానని వీళ్ళు అనుకుంటారు. నువ్వు డబ్బుకు ఆశపడి అబద్ధం ఆడావని ఊరు అనుకుంటుంది. జెరాల్డ్ గారితో చెప్పు, సమన్లు పంపమను.

మా ఆయనకు చెప్పాను. ఆయన సరే అనలేదు, వద్దనీ అనలేదు. పశువుల పాక వైపు వెళ్ళిపోయారు.

వీణ

---

రాబర్ట్‌సన్‌పేట,
19 నవంబరు 2004.

ప్రియమైన వీణకు,

కోర్టులో నువ్వు నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మంచిదే. చూసి ఉంటే నేను ఏడ్చేసేదాన్ని. నువ్వు బోనెక్కి దిగి, తల వంచుకుని వెళ్ళిపోయావు. నీ వెనక ఏం జరిగిందో నీకు తెలియదు, అందుకే రాస్తున్నాను.

వాళ్ళ లాయరు, "నీకూ ఈ నాన్సీకీ చిన్నప్పటి స్నేహం ఉండాది కదా? ఆ స్నేహం కోసమే ఇట్లా చెప్తా ఉండావు కదా?" అని గద్దించినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. నువ్వు, "స్నేహం కోసమైతే నేను రాకుండా ఉంటే సాలు సార్. ఆమె దావా వాపసు తీసుకుంటానని నాతో అన్నింది. నేనే వద్దన్నాను. ఆ గోడౌను మా ఆయన భాగానికి వచ్చేది" అన్నావు. జడ్జిగారు రాయడం ఆపి తలెత్తి నీ వైపు చూశారు.

తర్వాత ఆయనే అడిగారు. "సీనప్ప ఏమన్నాడు? ఆ మాటే చెప్పమ్మా."

"'ఇరవై దినాల్లో బేరం ముగించు నాన్సమ్మా, నూటికి రెండు నీ చేతిలో పెడతాను, ఇది నా మాట' అన్నారు."

అప్పుడు మీ మామగారి ముఖం చూశాను. కోపం కనబడలేదు. పదిమందిలో పంచె జారిపోయిన మనిషిలా అయిపోయారు. నువ్వు దిగి వెళ్ళాక మునిశామప్ప ఏదో అనబోతే, "ఉండప్పా, ఊరుకో" అని చెయ్యి అడ్డం పెట్టారు. బయట వేపచెట్టు కింద ఒక్కరే చాలాసేపు కూర్చున్నారు. నేను ఆ పక్కగానే పోవాల్సి వచ్చింది. ఆయన నన్ను చూశారు, నేనూ చూశాను.

ఇంట్లో ఎలా ఉన్నావు? నిజం రాయి. ఈసారి పురుగుల సంగతి వద్దు.

నాన్సీ

---

క్యాసంబళ్ళి,
2 జనవరి 2005.

ప్రియమైన నాన్సీకి,

నిజమే రాస్తాను. మా పొయ్యి వేరైంది. కోర్టు నుంచి వచ్చిన మర్నాడే పెద్ద తోడికోడలు నా గిన్నెలు తెచ్చి వెనక వసారాలో పెట్టింది. అత్తయ్య చిన్నవెంకటమ్మ మాత్రం రాగుల బస్తా ఒకటి తనే దొర్లించుకుంటూ వచ్చి నా గిన్నెల పక్కన నిలబెట్టి పోయింది. ఆమె పక్షం ఏమిటో అంతవరకే తెలిసింది.

మామయ్య నాతో మాట్లాడరు. తిట్టనూ తిట్టరు. నేను ఎదురైతే పక్కకు తప్పుకుని దారి ఇస్తారు. అది తిట్టుకంటే కష్టంగా ఉంది.

మా ఆయన చాలా వారాలు పనివరకే మాట్లాడారు. పాలు పితికావా, ఆకు కోశావా, అంతే. ఒకనాడు తోటలో ఆకు కోస్తూ ఉన్నట్టుండి, "రాలేదని చెప్పి ఉంటే ఆ గోడౌన్లో నేను యంత్రాలు పెట్టేవాణ్ణి. దినామూ దాంట్లోకి పోయేవాణ్ణి. పోయినప్పుడంతా అది గుర్తొచ్చేది" అన్నారు. మళ్ళీ కొంతసేపటికి, "అయినా కష్టంగా ఉండాది వీణా" అన్నారు. రెండూ నిజమే. ఇద్దరం ఆకు గంపలు ఎత్తుకుని వచ్చేశాం.

నువ్వు నా గురించి దిగులు పడకు. అంగన్‌వాడీ జీతం ఉంది, నాలుగు ఆవులున్నాయి. సెల్విన్ అన్నకు పని దొరికిందా?

వీణ

---

రాబర్ట్‌సన్‌పేట,
12 ఫిబ్రవరి 2006.

ప్రియమైన వీణకు,

తీర్పు నాకు అనుకూలంగా వచ్చి ఏడు నెలలైంది. మీ మామగారు కట్టలేదు. గడువు ఇచ్చారు, కట్టలేదు. వాళ్ళ లాయరే, "కట్టేసి గోడౌను విడిపించుకోండి" అని చెప్పాడట. "కడితే నేను మాట తప్పినానని నా చేత్తో నేనే రాసిచ్చినట్లే" అన్నారట. మీ బావలు తమ వాటా డబ్బులోంచి పైసా కూడా తియ్యబోమన్నారట. ఇక గోడౌను వేలం వేయక తప్పదని ఉత్తర్వు వచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో వేలం. మొన్న మార్కెట్లో తమటె డప్పు కొట్టి చాటారు. విన్నాను.

నేను గెలిచాను. మూడేళ్ళు దీని కోసమే తిరిగాను. తమటె చప్పుడు వింటుంటే మాత్రం గెలిచినట్టు లేదు.

ఇప్పుడు నేను చేస్తున్న పని నీకు చెప్పాలి. కోర్టు వేలం అంటే ఇక్కడ నలుగురు మనుషులు ఉన్నారు. ముందే కూడబలుక్కుని వస్తారు. ఒకడు అడుగుతాడు, ముగ్గురు ఊరుకుంటారు. సగం ధరకు కొట్టేస్తారు. నా బాకీ, ఖర్చులు పోగా మిగిలేది మీ మామగారికి వస్తుంది. ధర పడిపోతే మిగిలేది ఏమీ ఉండదు. అందుకని నేను మనుషుల్ని వెతుకుతున్నాను. కామసముద్రంలో కోళ్ళ దాణా వ్యాపారం చేసే చౌడప్పకు ఈ వైపు ఒక పెద్ద గది కావాలని విన్నాను, రెండుసార్లు వెళ్ళి వచ్చాను. ములబాగిలు నుంచి ఇంకొకాయన వస్తానన్నాడు.

ఇదంతా నీ కోసమే అని చెప్పను. ఆ కట్టడం విలువ నాకు తెలుసు. నా పేరు మీద వేలానికి వచ్చి అది చెత్త ధరకు పోతే రేపు ఈ ఊళ్ళో నన్ను ఎవరు పిలుస్తారు?

నందీశ్‌కు ఒక మాట చెప్పు. కోర్టు అనుమతితో కొనేవాళ్ళు లోపల చూడటానికి ఒక రోజు తెరుస్తారు. ఆలోగా బయట కంప కొట్టించి, పై కిటికీల అద్దాలు తుడిపించమను. వెలుతురు లేని గదిని మనిషి తక్కువకు అడుగుతాడు.

సెల్విన్ ఇప్పుడు బెంగళూరులో ఒక గోడౌనుకు కాపలా. నవ్వకు, నిజంగా గోడౌనే. వారానికి ఒకసారి ఇంటికి వస్తారు.

నీ
నాన్సీ

---

క్యాసంబళ్ళి,
23 ఏప్రిల్ 2006.

ప్రియమైన నాన్సీకి,

వేలం రోజు నువ్వక్కడే ఉన్నావు కాబట్టి ధర సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నలుగురూ తెల్లముఖం వేశారని, చౌడప్పా ములబాగిలాయనా పోటీ పడి పెంచుకుంటూ పోయారని మా ఆయన చెప్పారు. ముందు అమ్మకానికి పెట్టినప్పుడు బావ వేసిన అంచనా కంటే ఎక్కువకే పోయిందట. చెబుతూ చెబుతూ ఆయన నవ్వారు. పోగొట్టుకున్నది తన గోడౌను, అయినా నవ్వారు. ఏడాదిన్నర తర్వాత ఆ నవ్వు చూశాను.

కిటికీలు తుడిచింది మా ఆయన ఒక్కరే కాదు. నీ మాట ఆయన ఇంట్లో చెప్పినప్పుడు బావ, "పొయ్యేదానికి సింగారం ఎందుకు?" అన్నాడు. మామయ్య మర్నాడు పొద్దున్నే బస్సెక్కి తనూ వెళ్ళారు. నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డారట. ఆ కట్టడం పునాది వేసిన రోజున గనిలో షిఫ్టు మారే కూత వినబడిందని, కూలీలు మట్టి గంపలు దించి మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నారని, అలాంటివి ఏవేవో చెప్పుకున్నారట. ఆయన గొంతులో నీ మీద కోపం వినబడలేదని మా ఆయన అన్నారు. తన మీద తనకే ఉందేమో, అది మాత్రం చెప్పలేదట.

కోర్టు నుంచి మిగులు డబ్బు మొన్న వచ్చింది. బావ మూడు భాగాలు అన్నాడు. మామయ్య వసారాలో అందర్నీ కూర్చోబెట్టారు. నన్ను కూడా పిలిచారు. ఆ ముందు వసారాలోకి నేను అడుగుపెట్టి చాలా రోజులైంది.

"మీ ఇద్దరిదీ మీకు ముందే ముట్టింది. ఇది నందీశప్పది" అన్నారు.

బావ లేచి, "నా మాట ఇన్లేదు, కోర్టుకెక్కి ఆస్తి పోగొట్టుకున్నోళ్ళకే మళ్ళా ఇస్తావా?" అన్నాడు.

"పోగొట్టింది వాళ్ళు కాదప్పా. నేను" అన్నారు మామయ్య. అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుంది.

డబ్బు నందీశ్ చేతికిచ్చి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నారు. నా వైపు తిరిగారు. ఏడాదిన్నర తర్వాత నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఆ చౌడప్పను పిల్చుకొచ్చింది ఆయమ్మే కదా? నూటికి రెండు ఎంతవుతాదో సూసి ఇచ్చిరాపోండి. ఇంగోతూరి కోర్టుకు పోయే ఓపిక నాకు లేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నువ్వు అడగలేదని, ఇది కోర్టు వేలమని, ఇవ్వాల్సిన అవసరం లేదని మా ఆయన చెప్పబోయారు. "గిరాకీ తెచ్చింది కదా?" అని మామయ్య మళ్ళీ అదే అన్నారు. ఇంతకంటే నేరుగా ఒప్పుకోవడం ఆయన చేత కాదు. నీకు క్షమాపణ చెప్పమని నేనూ అడగలేదు.

ఈ ఉత్తరంతో పాటు ఆ డబ్బు మా ఆయన తెచ్చి ఇస్తారు. వద్దనకు. నువ్వు వద్దంటే నేను బోనెక్కి చెప్పింది ఇంకేమవుతుంది?

మిగతా డబ్బుతో ఈ ఊళ్ళోనే రోడ్డు పక్క రేకుల షెడ్డు వేసుకుంటాం. ముందు అనుకున్నట్టు నాలుగు యంత్రాలు కాదు, ఒకటే. దానికి సరిపోతుంది.

వీణ

---

రాబర్ట్‌సన్‌పేట,
30 ఏప్రిల్ 2006.

ప్రియమైన వీణకు,

నందీశ్ వచ్చాడు. సెల్విన్ ఆదివారం ఇంట్లోనే ఉన్నారు. ఇద్దరూ మునుపటిలా కాక ఎదురెదురుగా కూర్చుని భోజనం చేశారు. మాటలు తక్కువే. అన్నం మాత్రం ఇద్దరూ మారు వడ్డించుకున్నారు.

డబ్బు తీసుకున్నాను. ఒక్కమాటు కూడా వద్దనలేదు. వద్దంటానేమోనని నందీశ్ భయపడుతూ ఉన్నాడు, నేను చెయ్యి చాపేసరికి తేరుకున్నాడు.

మూడేళ్ళుగా ఈ ఊళ్ళో నాకు డబ్బు ఇచ్చినవాళ్ళందరూ దానికి ఏదో ఒక పేరు పెట్టారు. కాఫీ ఖర్చు అని, బస్సు చార్జీ అని, పండక్కి బట్టలకని. కోర్టు డబ్బుకు కూడా డిక్రీ అనే పేరు. ఇంతవరకు నేను ఎవరికీ రసీదు రాయలేదు, రాయమని ఎవరూ అడగలేదు కూడా. నందీశ్‌ను కూర్చోమని చెప్పి ఒక తెల్ల కాగితం తీసుకున్నాను. సీనప్పగారు, క్యాసంబళ్ళి అని రాశాను. గోడౌను అమ్మకానికి దళారీ కమిషన్, నూటికి రెండు, పూర్తిగా ముట్టింది అని రాశాను. కింద స్టాంపు అంటించి దాని మీద సంతకం పెట్టాను. సెల్విన్ వెనకనుంచి చూసి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఆ కాగితం మీ మామగారికి నువ్వే ఇవ్వు. తెలుగులో రాశాను. ఆయనకు తెలుగు చదవడం రాదు కదా. నువ్వు చదివి వినిపించు.

నీ
నాన్సీ